తలుపు మాత్రమే చూసినవాడు

బ్రేకు తాత ముప్పై తొమ్మిదేళ్లు బస్సుల డిపోలో పనిచేశాడు. ఏ బస్సుకు ఏ జబ్బుందో అది వీధి మలుపు తిరగకముందే చప్పుడు విని చెప్పేవాడు. మనుషులతో మాత్రం మాట తక్కువ. "మీ నాన్న నోటికి కూడా బ్రేకులు బిగించుకున్నాడే" అని చుట్టుపక్కల ఆడవాళ్లు ఆయన కూతుర్ని ఆటపట్టించేవాళ్లు.

రిటైరయ్యాక ఆయనకు ఒకటే డ్యూటీ. పొద్దున్నే మనవరాలిని బడి బస్సెక్కించడం. పిల్లకు పదేళ్లు. ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు. ఏడో నంబరు బస్సు. ఆ బస్సు తలుపు తెరిచినప్పుడు వెనక్కి వెళ్లి ఒక కొక్కేనికి తగులుకోవాలి. తగులుకుంటే పిల్లలు ఎక్కేదాకా కదలదు. ఆ కొక్కెం వదులైందని తాతకు చప్పుడును బట్టే తెలిసింది. దగ్గరకు వెళ్లి చూస్తే మూడు స్క్రూలుండాల్సిన చోట రెండే ఉన్నాయి.

డ్రైవరుకు చెప్పాడు. "నేను నడిపేవాణ్ణి తాతా, బిగించేవాణ్ణి కాదు" అన్నాడు డ్రైవరు. బస్సుల కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. "మీరు హాయిగా రెస్టు తీసుకోండి పెద్దాయనా, మాకు మెకానిక్కులు ఉన్నారు" అని ఆయన ఫోను పెట్టేశాడు. వారం గడిచింది. కొక్కెం అలాగే ఉంది.

అప్పుడు తాత వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్లాడు. ఆ షాపు నడిపే అమ్మాయే ఊళ్లోవాళ్ల కోసం ఇంటర్నెట్టులో ఒక పేజీ నడుపుతోంది. దాని పేరు గోడ. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా దాని మీద రాస్తారు. వీధి దీపం వెలగకపోయినా, ఆసుపత్రిలో డాక్టరు రాకపోయినా, ఎవరి కుక్క తప్పిపోయినా అన్నీ అక్కడే. పదకొండు వేల మంది చూస్తారు.

"నోటిమాట ఎవరు వింటారు బాబాయ్? వీడియో తీసుకురా. గోడ మీద పెడదాం. అప్పుడు చూడు, వాళ్లే పరిగెత్తుకొస్తారు" అంది.

తాత మూడు రోజులు తీశాడు. మొదటి రోజు చెయ్యి వణికింది. రెండో రోజు ఎవరో అడ్డం వచ్చారు. మూడో రోజు బాగా పడింది. కొక్కెం, ఖాళీ స్క్రూ రంధ్రం, తలుపు ఊగి వెనక్కి వచ్చి కొట్టడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పద్నాలుగు సెకన్లు. ఆ తలుపు కొట్టింది పిడుగునే. పిల్ల మెట్టు మీద నుంచి వెల్లకిలా పడింది. తాత ఫోను జేబులో కుక్కి పిల్లను లేపి, మోచెయ్యి తుడిచి, ఇంటికి తీసుకొచ్చి పసుపు రంగు మందు రాశాడు. మధ్యాహ్నం షాపుకు వెళ్లి ఫోను ఇచ్చాడు.

పరీక్షల రోజులు. షాపులో జనం కిటకిటలాడుతున్నారు. ఒక చేత్తో కాగితాలు సర్దుతూ, ఇంకో చేత్తో ఆ అమ్మాయి వీడియో పెట్టేసింది. ఆయన చూసి ఇచ్చాడు కదా అని ఆమె అనుకుంది. ఆమె చూసి పెడుతుంది కదా అని ఆయన అనుకున్నాడు. నిజానికి ఆయన ఆ వీడియోను ఇరవైసార్లు చూశాడు. ఇరవైసార్లూ కొక్కేన్నే చూశాడు.

ఊరు చూసింది వేరు. పిల్ల మొహం చూసింది. బడి సంచీ మీద తెల్ల దారంతో కుట్టిన పేరు చూసింది. కాళ్లు పైకెత్తి పడటం చూసింది. సాయంత్రానికి ఎవడో ఆ పడటం ఒక్కటే కత్తిరించి, వెనక పాట తగిలించి, మళ్లీ మళ్లీ పడేట్టు చేశాడు. మర్నాటికి ఆ వీడియో గోడ దాటి ఎక్కడెక్కడికో పోయింది. బడిలో పిల్లలు పిడుగును చూడగానే కాళ్లు పైకెత్తి నేల మీద పడటం మొదలుపెట్టారు.

నాలుగో రోజు పిడుగు బడికి వెళ్లనంది. కడుపునొప్పి అంది. తాత కూతురు, అంటే పిల్ల తల్లి, ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పిల్లకు జ్వరం లేదని చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. పక్కన కూర్చుని మెల్లగా అడిగితే, పిల్ల ఆటలాడుకునే ట్యాబు తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. ఎవడో రాశాడు. 'నీ సంచీ మీద పేరు చూసి వెతికాను. నువ్వు పడ్డా చాలా ముద్దుగా ఉన్నావు. ఇంకో ఫోటో పంపు. మీ అమ్మకు చెప్పకు.'

కూతురు ట్యాబు పట్టుకుని తండ్రి ముందుకు వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేదని తాతకు అనిపించింది.

"నాన్నా, నీకు తలుపే కనిపించిందా? పిల్ల కనిపించలేదా?"

ఉన్న సంగతి అదే మరి.

*

మర్నాడు పొద్దున ముగ్గురూ పిల్లల రక్షణ ఆఫీసుకు వెళ్లారు. తాత, కూతురు, జిరాక్స్ అమ్మాయి. పిడుగు పక్కింటి పిన్ని దగ్గర ఉంది. సంగతి తెలిసిన రాత్రికి రాత్రే జిరాక్స్ అమ్మాయి గోడ మీది వీడియో తీసేసింది. కానీ బయట తిరుగుతున్న కాపీలు ఆమె చేతిలో లేవు.

అధికారి గదిలో టేబులు మీద ఫైళ్లు ఎదుటి మనిషి కనిపించనంత ఎత్తున ఉన్నాయి. వాటి వెనక నలభై ఏళ్ల ఆవిడ. కళ్ల కింద నలుపు. ఆవిడ ముందు అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. బస్సుల కాంట్రాక్టరు.

"రండి పెద్దాయనా" అని లేచి కుర్చీ ఇచ్చాడు. "విషయం తెలిసి నా మనసు అదోలా అయిపోయింది. పసిపిల్ల! ఇలాంటి పేజీల్ని ఉండనివ్వకూడదు మేడమ్. నేనూ అదే రాసిచ్చాను."

కూతురు ట్యాబు ముందు పెట్టింది. అధికారి చదివింది. మొహం బిగుసుకుంది. "ఇది చెరిపెయ్యకండి. జవాబు కూడా ఇవ్వకండి. ఇది పోలీసులకు కావాలి. ఇప్పుడే పంపిస్తాను" అని ఎవరికో ఫోన్ చేసి, ఆ ట్యాబును ఒక కవర్లో పెట్టి సీలు వేయించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ ఇంకెవరి వైపూ చూడలేదు. తాతకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

తర్వాత ఆవిడ ఒక కాగితం తీసింది. "ఇక వీడియో సంగతి. రెండు దారులున్నాయి. గోడ పేజీ మొత్తం మూసెయ్యమని నేను ఆ సైటు కంపెనీకి రాస్తే గంటలో మూతపడుతుంది. మూలం మూతపడితే దానిలోంచి పుట్టిన కాపీల్ని వాళ్ల మెషీనే వెతికి తీసేస్తుంది. అన్నీ కాకపోయినా చాలావరకు పోతాయి. రెండోది, ఒక్కో కాపీని వెతికి, దాని లింకు రాసి, ఒక్కోదానికి విడిగా అర్జీ పెట్టాలి. నా దగ్గర అంతమంది మనుషులు లేరమ్మా. ఉన్నది నేనూ, ఒక క్లర్కూ. ఈ కాగితం మీద తల్లి సంతకం ఉంటే మొదటి దారి ఇప్పుడే అయిపోతుంది."

"మూసెయ్యండి మేడమ్" అంది కూతురు. "మాకు ఏ గోడా వద్దు." పెన్ను అందుకుంది.

జిరాక్స్ అమ్మాయి తల దించుకుంది. తప్పులో తనకూ సగం ఉందని ఆమెకు తెలుసు.

"ఆగు" అన్నాడు తాత.

అందరూ ఆయన వైపు చూశారు.

"గోడ మూస్తే, దాని మీద మిగతావాళ్లు రాసినవి?"

"అవీ పోతాయి. విచారణ అయ్యాక మళ్లీ తెరవొచ్చు."

"విచారణ ఎన్నాళ్లు?"

అధికారి అబద్ధం చెప్పలేదు. "ఆరు నెలలు. ఏడాది కూడా పట్టొచ్చు."

తాత కాంట్రాక్టరు వైపు చూశాడు. ఆయనేమో గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

"ఆ వీడియో కింద ఇంకా ఎవరో రాశారని చెప్పావు కదా అమ్మాయ్. చదువు."

జిరాక్స్ అమ్మాయి ఫోను తెరిచింది. వీడియో తీసేసినా కింది మాటలు దాచి ఉంచింది. "మూడో నంబరు బస్సులో వెనక అద్దం ఊడి టేపుతో అంటించారు. పదకొండో నంబరులో సీటు బోల్టు లేదు, మా బాబు తొడ గీరుకుపోయింది. ఏడో నంబరు తలుపు మా పాపకూ తగిలింది, చెబితే పట్టించుకోలేదు... ఇలాంటివి నలభై రెండు ఉన్నాయి బాబాయ్."

"అవన్నీ పేర్లు లేని రాతలు మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు. "ఎవడు పడితే వాడు ఏదిపడితే అది రాస్తాడు. ముందు పిల్లల భద్రత చూడండి."

"భద్రత అంటే నీ బస్సులో కూడానా, లేక ఫోనులోనేనా?" అంది జిరాక్స్ అమ్మాయి. ఉండబట్టలేకపోయింది.

అధికారి చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. తాత కూతురి వైపు తిరిగాడు. తండ్రి అంత పొడుగు మాట మాట్లాడటం ఆమె ఎప్పుడో గానీ వినలేదు.

"తప్పు నాది. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. కానీ ఆ బస్సులో మన పిల్ల కాక ఇంకా ముప్పై ఒక్క మంది ఎక్కుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. మా డిపోలో బస్సు పాడైతే దాని స్టీరింగుకు ఎర్ర రేకు కట్టేవాళ్లం. ఏం పాడైందో, ఎవడు కట్టాడో ఆ రేకు మీద పేరుతో సహా రాసుండేది. ఆ ఒక్క బస్సే ఆగేది. డిపో గేటుకు ఎవడూ తాళం వెయ్యలేదు."

"నాన్నా, నీకు డిపో కబుర్లు ఇప్పుడా?" అంది కూతురు. "అక్కడ ఎవడో నా బిడ్డ ఫోటో అడుగుతున్నాడు. ఒక్కో గంటకూ ఇంకెంతమంది చూస్తున్నారో!"

"అందుకే కాపీలు ఒక్కోటీ పట్టుకుంటా. ఈరోజే. ఇక్కడే కూర్చుని."

"నీకు లింకు అంటే ఏమిటో తెలుసా?"

"తెలీదు. ఈ అమ్మాయికి తెలుసు."

కూతురు పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది. "ఐదింటి దాకా" అంది చివరికి. "ఆఫీసు మూసే వేళకు పని అవ్వకపోతే సంతకం పెట్టేస్తా. ఆ తర్వాత నువ్వు నాకేం చెప్పొద్దు."

"చెప్పను."

కాంట్రాక్టరు వాచీ చూసుకుని, మళ్లీ కలుస్తానని లేచి వెళ్లిపోయాడు.

*

వరండాలో ఒక చెక్క బల్ల ఉంది. దాని ఒక కాలు పొట్టి. తాత ముందు ఒక అట్టముక్క మడిచి ఆ కాలి కింద పెట్టాడు. తర్వాతే కూర్చున్నాడు. జిరాక్స్ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. ప్లగ్గు కోసం వెతుకుతుంటే ప్యూను వచ్చి, "అది ఆఫీసు కరెంటమ్మా" అన్నాడు.

"మేము రాస్తున్నదీ ఆఫీసు పనే అన్నా. కావాలంటే నువ్వు కూర్చుని రాయి, నేను స్టూలు మీద కూర్చుంటా" అంది ఆమె. ప్యూను నవ్వి ప్లగ్గు చూపించాడు.

మొదటి గంటలో తొమ్మిది దొరికాయి. జిరాక్స్ అమ్మాయి వెతుకుతుంది, కూతురు లింకు కాగితం మీదికి ఎక్కిస్తుంది. తర్వాత వేగం తగ్గింది. కాపీ చేసినవాళ్లు పేర్లు మార్చారు. ఒకడు బొమ్మను తిరగేశాడు, కుడి ఎడమైంది. ఒకడు రంగులు మార్చాడు. ఒకడు పిల్ల మొహం మీద పిల్లి మొహం అతికించాడు, సంచీ మీద పేరు మాత్రం అలాగే వదిలేశాడు. బస్సు మెట్ల మీద పడే పిల్లల వీడియోలు లోకంలో చాలా ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఏది పిడుగుదో, ఏది ఇంకో తల్లి బిడ్డదో తేల్చడం కష్టమైంది.

"ఇది మనదేనా?" అంది జిరాక్స్ అమ్మాయి. చిన్న బొమ్మ, మసక మసకగా ఉంది.

కూతురు చూడలేక కళ్లు పక్కకు తిప్పుకుంది.

తాత కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "మనదే. పై స్క్రూ లేదు."

"ఎక్కడ బాబాయ్? నాకు నల్ల చుక్క తప్ప ఏం కనబడటం లేదు."

"ఆ నల్ల చుక్కే. రాసుకో."

ఇంకోటి చూసి, "కాదు. ఈ తలుపు మడత తలుపు. మనది కాదు" అన్నాడు. ఇంకోటి తిరగేసిన బొమ్మ. "మనదే. కొక్కెం ఎడమకు పోయింది, అంతే. రాసుకో." పాట తగిలించినదీ, పిల్లి మొహం పెట్టినదీ, మెట్టు మాత్రమే కనిపించేటట్టు కత్తిరించినదీ, అన్నిట్లోనూ ఆయన ఆ తలుపును పట్టుకున్నాడు. ఒక్కోసారి పిల్ల పడే క్షణం వచ్చినప్పుడు ఆయన దవడ బిగుసుకునేది. మాట మాత్రం అదే. రాసుకో.

మధ్యాహ్నం ఎవరూ తినలేదు. ప్యూను మూడు టీలు తెచ్చి పెట్టాడు. కూతురి చేతివేళ్ల మీద సిరా మరకలయ్యాయి. ఒకసారి ఆమె పెన్ను ఆపి అంది.

"నాన్నా, ఇరవైసార్లు చూశానన్నావు. ఒక్కసారైనా దాని మొహం చూడలేదా?"

తాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇవాళ చూస్తున్నా" అన్నాడు.

కూతురు మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకు అరవై మూడు లింకులు తేలాయి. ఒక్కోదానికీ ఒక్కో కాగితం. కూతురు అన్నిటి మీదా సంతకం చేసి, కట్టగట్టి అధికారి టేబులు మీద పెట్టింది. ఆవిడ ఆ కట్టను చూసి, గడియారం చూసి, నిట్టూర్చింది.

"రేపు పంపిస్తాను."

"రేపటికి అరవై మూడు ఎనభై అవుతాయి మేడమ్" అంది కూతురు. పొద్దున మూసెయ్యమన్నది కూడా ఆమే. ఇప్పుడు ఆమె గొంతులో బతిమాలడం లేదు. పని చేసిన మనిషి గొంతు అది.

అధికారి మొదటి కాగితం ముందుకు లాక్కుంది. క్లర్కును ఇంటికి పొమ్మంది. ఒక్కోదాని మీదా సంతకం పెడుతూ జిరాక్స్ అమ్మాయితో మాట్లాడింది.

"ఇవన్నీ పోయినా, వచ్చే నెల ఇంకెవరి పిల్లో నీ గోడ మీదికి వస్తుంది. అప్పుడు నేను ఈ పెద్దాయన మాట కూడా వినను. మూసేస్తాను."

"రాదు మేడమ్. ఇకనుంచి పిల్లల మొహం, పేరు, బడి కనిపిస్తే ముందు తీసేస్తాను, తర్వాతే మాట్లాడతాను. నేను షాపులో బిజీగా ఉంటే ఏదీ పెట్టను, ఆగమంటాను."

"పెద్దవాళ్ల మీద రాసినవి? ఆ కాంట్రాక్టరు తన మీద రాసినవన్నీ తీయించమని నాకు రాసిచ్చాడు."

జిరాక్స్ అమ్మాయి తాత వైపు చూసింది.

"ఆయన పెద్దవాడే కదా" అన్నాడు తాత. "జవాబు ఆయన్నే రాసుకోమనండి. అబద్ధమైతే అబద్ధమని చూపించమనండి. ఒకవేళ ఏదైనా తీసేస్తే ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఆ చోటే రాయాలి. చడీచప్పుడు లేకుండా తీసేస్తే మీ మాటా నమ్మరు, ఈ అమ్మాయి మాటా నమ్మరు."

"నా మాట కూడానా?" అధికారి మొదటిసారి నవ్వింది.

"మీ మాట కూడా."

ఆవిడ తల ఊపి, తర్వాతి కాగితం తీసుకుంది. అరవై మూడో సంతకం అయ్యేసరికి ఆరు దాటింది. కాంట్రాక్టరు అర్జీ మీద 'పేజీ మూసివేయనక్కరలేదు, బస్సుల గురించిన ఫిర్యాదులు రవాణా విభాగానికి పంపడమైనది' అని రాసి పక్కన పెట్టింది.

*

వారం తిరిగేసరికి యాభై ఎనిమిది పోయాయి. ఐదు మొండికేశాయి. వాటికి మళ్లీ అర్జీ పెట్టారు. ఫోటో అడిగినవాణ్ణి ఇంకా వెతుకుతున్నామని పోలీసులు చెప్పారు. పిడుగు సోమవారం నుంచి బడికి వెళ్తోంది, తల్లితో నడిచి. మొదటి రోజు ఇద్దరు పిల్లలు కాళ్లెత్తి పడ్డారు. "మీరు నాకంటే బాగా పడుతున్నారు, ప్రాక్టీసు చేశారా?" అని అడిగిందట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, ఆ తర్వాత కాసేపు ఏడ్చింది.

తాత ఏడో నంబరు బస్సు ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు వెళ్లి పెన్సిలుతో కొక్కెం బొమ్మ వేశాడు. స్క్రూ రంధ్రాలు, వంగిన కమ్మీ, కొలతలు. జిరాక్స్ అమ్మాయి దాన్ని గోడ మీద పెట్టింది. ఈసారి పెద్దది చేసి, అంగుళం అంగుళం చూసి మరీ పెట్టింది. కింద మళ్లీ మాటలు మొదలయ్యాయి.

గురువారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "బాబాయ్, ఎవడో నీ మీద రాశాడు. పేరు దొంగ పేరు. చాలా చెడ్డగా ఉంది. తీసేస్తాను, ఊఁ అను."

"ఏం రాశాడు?"

ఆమె నీళ్లు నమిలింది. పక్కనే కూర్చుని వింటున్న పిడుగు, వాళ్లమ్మ ఫోను అందుకుని, గోడ తెరిచి, ఎవరూ ఆపేలోపు పైకి చదివేసింది. "ఈ ముసలాడు పేరు కోసం సొంత మనవరాలినే వీధిలో పడేశాడు. ఇప్పుడు బొమ్మలేసి పెద్దమనిషి వేషం వేస్తున్నాడు."

కూతురు ఫోను లాక్కోబోయింది. తాత చేత్తో ఆపాడు.

"అందులో పిల్ల పేరుందా?" అని అడిగాడు ఫోనులో.

"లేదు."

"బడి పేరు?"

"లేదు బాబాయ్. కానీ—"

"ఉండనీ."

"తాతా, తీసెయ్యమను" అంది పిడుగు. కళ్లు ఎర్రబడ్డాయి. "నాది తీయించావు కదా!"

"నువ్వు పదేళ్ల పిల్లవు. నిన్ను ఎవరైనా ఏమన్నా అంటే మేము అడ్డం నిలబడాలి. నాకు అరవై ఎనిమిదేళ్లు. నన్నంటే నేనే చెప్పుకోవాలి."

"అయితే చెప్పు."

"సగం నిజమే రాశాడు వాడు. ఏం చెప్పను?"

"సగం అబద్ధం కూడా ఉంది కదా. అది చెప్పు."

తాత ఫోను తీసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. బయట వీధిలో కూరగాయల బండివాడు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వెళ్లాడు. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది, పిలవలేదు. రాయడం అయ్యాక ఆయన ఫోనును పిడుగు చేతికిచ్చాడు.

"చదువు. పెట్టనా వద్దా చెప్పు."

పిడుగు చదివింది. 'చూసుకోకుండా నా మనవరాలి వీడియో పెట్టడం నా తప్పు. పేరు కోసం కాదు. తలుపు ఇంకా బాగు చెయ్యలేదు. రేపు పొద్దున ఏడున్నరకు నేను బస్సు దగ్గర ఉంటా. ఎవరైనా వచ్చి చూడొచ్చు.' కింద తన పూర్తి పేరు పెట్టాడు.

పిల్ల ఒక మాట మీద వేలు పెట్టింది. "నా మనవరాలి అని తీసెయ్యి. నేను దీంట్లో ఉండను."

"సరే." ఆయన మళ్లీ వేలు పెట్టి ఆ మాట ఒక్కో అక్షరం చెరిపేశాడు. ఫోను మళ్లీ ఆమెకిచ్చాడు.

పిడుగు మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివింది.

"ఇప్పుడు పెట్టు" అంది.